విదేశీ బడితో స్నేహం: లైవ్ కాల్ మేలా, వీడియో ఉత్తరం మేలా?

విజయవాడ బడి పిల్లలకు వేరే దేశపు తరగతితో పరిచయం చేయాలనుకునే ఉపాధ్యాయులకు ముందుగా తోచేది లైవ్ కాల్. నా ఓటు మాత్రం రెండు మూడు నిమిషాల వీడియోలు తీసి, ఉత్తరాల్లా పంపుకోవడానికే.

మొదటి చిక్కు గడియారంతోనే. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలంటే మనకు మార్చి నుంచి నవంబరు దాకా సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. ఆటో ఎక్కి ఇబ్రహీంపట్నం చేరాల్సిన పిల్లను అప్పటిదాకా బడిలో ఎలా ఉంచుతాం? జపాన్ నయం, మనకన్నా మూడున్నర గంటలే ముందు. మన 9:30 వారికి మధ్యాహ్నం ఒంటిగంట.

సమయం కుదిరినా మాట్లాడేది ఎవరు? ఇంగ్లిషు ధారాళంగా వచ్చిన ఇద్దరు ముగ్గురు. మిగిలిన నలభై మందీ ప్రేక్షకులే. అదే వీడియో అయితే వెనక బెంచీ అమ్మాయి నాలుగుసార్లు సాధన చేసి, ఐదోసారి ధైర్యంగా చెబుతుంది. తెలుగులోనే మాట్లాడి, కింద ఇంగ్లిషు అనువాదం వేయవచ్చు. మన భాష వారి చెవిన పడటం కూడా పరిచయమే కదా.

వీడియో ఉత్తరానికీ ఒక లోపం ఉంది, అది సులువుగా ప్రదర్శనగా మారిపోతుంది. కూచిపూడి, సంక్రాంతి ముగ్గు, కొండపల్లి బొమ్మ అన్నీ అందంగా చూపిస్తాం. వారు చప్పట్లు కొడతారు. అక్కడితో ఆగిపోతుంది. అందుకే ప్రతి వీడియో చివర ఒక ప్రశ్న ఉండాలని పట్టుబడతాను. బొమ్మ తెల్ల పొణికి చెక్కతో చేస్తారని చెప్పి ఊరుకోకుండా, "మీ ఊళ్లో చేతిపని ఎవరు నేర్పుతారు?" అని అడగాలి.

జపాన్ బడుల్లో తరగతి గదులను పిల్లలే ఊడ్చి తుడుస్తారు. అది చూసి మనవాళ్లు మొదట నవ్వవచ్చు. మన గది ఎవరు ఊడుస్తున్నారు, ఆమె పేరు మనలో ఎందరికి తెలుసు అన్న ప్రశ్న తరవాత పుడుతుంది. అది పుట్టడానికి తీరిక కావాలి. వీడియోను ఆపి, మళ్లీ వేసి, తెలుగులో వాదించుకోవాలి. కాల్‌లో మర్యాదకు నవ్వేసి తరవాతి మాటకు వెళ్లిపోతాం.

అనుకోని మాటకు కలిసి నవ్వుకోవడం మాత్రం లైవ్‌లోనే దొరుకుతుంది. మూడు నాలుగు ఉత్తరాలు నడిచి, పేర్లు గుర్తుపట్టే దశ వచ్చాక ఒక్క కాల్ పెట్టండి, నలుగురేసి జట్లుగా.

ఇక వీడియోలు ఆ రెండు తరగతులు దాటి బయటికి పోకూడదు. తల్లిదండ్రుల సంతకాలు అందాకే ఫోను బయటకు తీయండి.