నూరు పూసల దండ: మూడో తరగతి నుంచి ఐదో తరగతి దాకా వాడాక

ఈ దండలో నన్ను కట్టిపడేసింది ఒకే ఒక్క విషయం. ప్రతి పదో పూస తర్వాత రంగు మారుతుంది. పది ఎర్రవి, పది తెల్లవి, మళ్లీ పది ఎర్రవి, అలా వంద దాకా. గణితమాల పేరుతో చాలా బడుల్లో ఉండేదే కాబట్టి మిగతా వర్ణన అక్కర్లేదు. రంగు మారకుండా వంద పూసలు గుచ్చి ఇస్తే లెక్కల్లో వెనకబడిన పిల్లవాడికి ఒరిగేదేమీ ఉండదు. ముప్పై ఏడు కావాలంటే మళ్లీ ఒకటి నుంచే మొదలుపెట్టాలి. మా ఇంట్లో కష్టమంతా ఆ ‘ఒకటి నుంచి’ దగ్గరే ఉండేది.

మా చెల్లెలు, ఆమె భర్త భవన నిర్మాణ పనులకు చెన్నై వెళ్లారు. శ్రీకాకుళం పల్లెల్లో ఇలాంటి వలస తెలియని వీధి అరుదు. బాబును వెంట తీసుకెళ్లడంతో వాడి ఒకటో తరగతి, రెండో తరగతి చాలావరకు కట్టడాల దగ్గరే గడిచిపోయాయి. ఆ తర్వాత పొందూరులో నా దగ్గర ఉంచారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. అలా చేరినవారికి తోటివాళ్లను అందుకునేలా ప్రత్యేక శిక్షణ పొందే హక్కును కూడా ఆ చట్టమే ఇచ్చింది. మావాడికి తరగతి దొరికింది, శిక్షణ దొరకలేదు. పక్క పిల్లలు మూడంకెల కూడికలు చేస్తుంటే వీడు వేళ్లు మడుచుకుంటూ కూర్చునేవాడు.

38కి 5 కలపమంటే పలక మీద ముప్పై ఎనిమిది గీతలు గీసి, పక్కన మరో ఐదు గీసి, మొదటి గీత నుంచి లెక్కపెట్టేవాడు. మధ్యలో ఒకటి తప్పిపోయేది, లేదా ఒకే గీతను రెండుసార్లు లెక్కపెట్టేవాడు. ఒకసారి 42 వచ్చేది, ఇంకోసారి 44. ఏది వస్తే అది రాసేసేవాడు. ఒకే లెక్కకు రెండు జవాబులు రావడం వాడికి వింతగా తోచేదే కాదు. తప్పుల కంటే ఆ నిర్లిప్తత నన్ను ఎక్కువ భయపెట్టింది. కళ్లు, చెవులు ముందే పరీక్ష చేయించాం, లోపమేమీ లేదన్నారు.

ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చుకోవడానికి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పల్లె పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో చూసే అసర్ సర్వేలో వాడే లెక్కల కాగితం పనికొచ్చింది. 2005 నుంచి ఆ సర్వేవాళ్లు పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి, ఒక్కొక్క పిల్లవాడినీ విడిగా కూర్చోబెట్టి అడిగేవి అందులో ఉంటాయి. ఒక అంకె సంఖ్యలు గుర్తించడం, రెండంకెల సంఖ్యలు గుర్తించడం, అప్పు తెచ్చుకునే తీసివేతలు రెండు, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం, అంతే. మావాడు రెండంకెల సంఖ్యల దగ్గరే తడబడ్డాడు. సంచిలో మాత్రం మూడో తరగతి పుస్తకం ఉంది. ఆ పుస్తకాన్ని కొన్నాళ్లు సాయంత్రాలు పక్కన పెట్టి దండ మొదలుపెట్టాం.

పూసలు అరసవల్లి గుడి దగ్గరి కొట్లలో కొన్నాను, చెక్కవి. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను. మిషను పక్కనున్న కిటికీ ఊచకూ గోడ మేకుకూ మధ్య దండ కట్టాను. పూసలు అటూ ఇటూ జరగాలంటే రెండు జానల దారం ఖాళీగా వదలాలి. ఒక బట్టల క్లిప్పు ఉంటే చాలు. ‘37 ఎక్కడుందో అక్కడ క్లిప్పు పెట్టు’ అనడమే మొదటి ఆట. చాలా రోజుల పాటు ఒకటి నుంచే లెక్కపెట్టాడు. నేను వద్దనలేదు. ఒకరోజు పదేసి పూసల గుంపులు మూడింటిని చేత్తో పక్కకు తోసి, ఏడు పూసలు మాత్రం లెక్కపెట్టాడు. ఆ తర్వాత కొన్ని వారాలకు 38 అడిగితే నాలుగో గుంపు చివరికి వెళ్లి, రెండు పూసలు వెనక్కి వచ్చి క్లిప్పు పెట్టాడు. ముప్పై ఎనిమిదంటే నలభైకి రెండు తక్కువని నేను ఎప్పుడూ చెప్పలేదు, రంగు చెప్పింది. 38కి 5 కలపాలంటే రెండు వేస్తే రంగు నిండుతుంది, మిగిలిన మూడు కొత్త రంగులోకి వెళతాయి, 43. గీతలు గీయడం దానంతట అదే మానేశాడు.

అసలు చెప్పవలసింది దండ తెగిన సంగతి.

మొదట గుచ్చినది నూలు దారంతో. మా ఊరు నూలు వడికే ఊరు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, సన్నటి ఖద్దరు నూలు తీసే ఇళ్లు ఇక్కడ ఇంకా ఉన్నాయి. అలాంటి ఒక ఇంటి నుంచి తెచ్చిన నూలును నాలుగు పేటలు పేని వాడాను. పంచెకు అంత గొప్ప నూలు పూసలకు పనికిరాదు. చెక్క పూస రంధ్రం అంచు గరుకుగా ఉంటుంది. రోజూ అటూ ఇటూ జరిపితే అదే చోట ఒరుసుకుని, ఒక సాయంత్రం పుటుక్కున తెగింది. పూసలన్నీ మంచం కిందకి, బియ్యం డ్రమ్ము వెనక్కి, మిషను తొక్కుడు పలక కిందకి దొర్లిపోయాయి. అత్యవసరంగా ఇవ్వవలసిన జాకెట్లు ఉండడంతో నేను లేవలేదు. ఏరి నువ్వే గుచ్చుకో అన్నాను. వాడు అన్నీ ఏరి, రంగుల వారీగా పోగులు పెట్టి, కంటి అంచనాతో పోగుకో పది చొప్పున అనుకుని గుచ్చేశాడు. ఒక తెల్ల పూస దొరకలేదన్న సంగతి అప్పటికి ఇద్దరికీ తెలియదు.

మర్నాడు 43లో నుంచి 7 తీసేయమన్నాను. వాడి పద్ధతి అప్పటికి కుదురుకుంది. మూడు తీస్తే 40, ఇంకా నాలుగు తీయాలి. నాలుగో గుంపులో నాలుగు పూసలు జరిపాడు. మిగిలినవి చూసి ఆగిపోయాడు. మూడు గుంపులు, ఐదు పూసలు. దండ ప్రకారం 35. అంతకు ముందైతే 35 రాసి పలక అవతల పెట్టేవాడు. ఈసారి రాయలేదు. మళ్లీ జరిపాడు, మళ్లీ ఐదే. నా వైపు తిరిగి, ‘పెద్దమ్మా, పదిలో నాలుగు పోతే ఆరు ఉండాలి కదా, ఐదే ఉన్నాయి. దండే తప్పు’ అన్నాడు.

మిషను ఆపేశాను. నేను కూడా దగ్గరకు వెళ్లి చూస్తే గాని నమ్మలేదు. వాడప్పటికే గుంపులన్నీ ఒక్కొక్కటిగా లెక్కపెడుతున్నాడు, ఎర్రవి మొదలుపెట్టి చివరి తెల్ల గుంపు దాకా. నాలుగో గుంపులో తొమ్మిదే తేలాయి. మంచం కింద వెతికాం, దొరకలేదు. నా డబ్బాలో ఉన్న తెల్ల చొక్కా గుండీ ఒకటి తీసి పదో పూసగా గుచ్చుకున్నాడు. ఇప్పటికీ ఆ గుండీ అక్కడే ఉంది.

ఏ జవాబైనా సరే అనుకునే పిల్లవాడు, చేతిలో ఉన్న వస్తువు ఒకటి చెబుతుంటే అది తప్పని అన్నాడు. తన తలలో ఉన్న లెక్క మీద అంత నమ్మకం ఏర్పడింది. ఎవరైనా ఈ దండ వల్ల ఏమి వచ్చిందని అడిగితే నేను ఈ ఒక్క సాయంత్రం గురించే చెబుతాను, ప్రోగ్రెస్ కార్డు చూపించను. అప్పటి నుంచి తక్కువైన పూసలు కనిపెట్టడాన్నే ఆటగా మార్చుకున్నాం. ఏదో ఒక గుంపులో కొన్ని పూసల మీద బట్ట ముక్క కప్పి, బయట కనిపించేవి చూసి లోపల ఎన్ని ఉన్నాయో చెప్పమనేదాన్ని. పదిలో ఏ సంఖ్యకు ఏది జత అన్నది వాడికి ఆ బట్ట ముక్కతోనే స్థిరపడింది.

ఇంతగా మెచ్చుకున్నాను కాబట్టి మిగతావీ చెప్పాలి. రంగు మీద అంత నమ్మకం పెట్టుకున్నాక, కొన్నాళ్లు దండ కంటికి కనిపించకపోతే లెక్క కదిలేది కాదు. బడిలో ఫార్మేటివ్ పరీక్ష రాసేటప్పుడు కిటికీ దగ్గర దండ ఉండదు కదా. దాన్నుంచి బయటపడేందుకు కాగితం మీద ఒట్టి గీత గీయించాను. 43 దగ్గర మొదలుపెట్టి 40కి ఒక గెంతు, 36కి ఒక గెంతు. నెదర్లాండ్స్ ప్రాథమిక బడుల్లో పూసల దండను, దాని వెంటే ఇలాంటి ఖాళీ గీతను 1990ల నుంచీ వాడుతున్నారు. దండ ఒక్కటే కొని ఆ గీత దాకా వెళ్లనివాళ్లకు సగం ఫలితమే దక్కుతుందని నా అనుమానం.

తీసివేతలో ఇంకో చిక్కు వచ్చింది. వీడు గెంతుల్లో ఆలోచిస్తాడు. బడిలో మాత్రం ఒకదాని కింద ఒకటి రాసి, పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకుని చేయాలి. నోటితో 36 అని సరిగ్గా చెప్పినవాడే, నిలువుగా రాస్తే 44 వేసేవాడు. పైన మూడు, కింద ఏడు కనిపించగానే ఏడులోంచి మూడు తీసేసేవాడు. దండలో పది విడిపోదు. రంగు మారుతుంది తప్ప పదిని విప్పి పది ఒకట్లుగా చేతిలో పెట్టడం దానితో కుదరదు. దానికి ఉద్దానం నుంచి వచ్చే కొబ్బరి చీపురు ఈనెలే నయం. ఈనెలను సమానంగా కత్తిరించి పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టాం. అప్పు తెచ్చుకోవడమంటే ఒక కట్ట రబ్బరు విప్పడం. ఒకటి విప్పి చూశాక ఆ 44లు తగ్గాయి. దండకిచ్చిన మార్కుల్లో కొన్ని ఈ చీపురుకు వెళ్లాలి.

వంద దాటితే దండ మూగబోతుంది. నాలుగో తరగతిలో నూట ఐదును 1005 అని రాసేవాడు. దానికీ కట్టలే పనిచేశాయి. పది కట్టలు కలిపి పెద్ద కట్ట, పక్కన ఐదు విడి ఈనెలు, మధ్యలో పదుల చోటు ఖాళీ. ఎక్కాలకు దండ కొంత సాయపడింది, అయిదో ఎక్కం దాకానే. ఏడో ఎక్కం దగ్గర రంగులు అడ్డం వస్తాయి. పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు కాబట్టి మాటల లెక్కలను తెలుగు పేజీలో చదివించాను. ఇంగ్లీషులో అడిగితే లెక్క తెలిసినా ప్రశ్న తెలియదు. దానికి ఏ పూసా సాయపడదు.

ఐదో తరగతికి వచ్చాక అదే అసర్ కాగితం మళ్లీ ముందు పెట్టాను. తీసివేతలు రెండూ చేశాడు. భాగహారం దగ్గర ఆగాడు. అంటే తరగతితో సమానంగా వచ్చేశాడని నేను చెప్పలేను. ఎక్కడ ఆగాడో తనే చెప్పగలుగుతున్నాడు, అది ముందు లేదు.

కొనమంటారా అని అడిగితే నా పరిస్థితి వేరు. నేను పగలంతా ఇంట్లోనే ఉంటాను, దండ నా మిషను పక్కనే ఉంటుంది, వాడు బడి నుంచి వచ్చాక నా కళ్ల ముందే కూర్చుంటాడు. పొద్దుపోయాక అలసిపోయి ఇల్లు చేరే తల్లిదండ్రులు దండ కట్టి ఇచ్చి వదిలేస్తే పిల్లలు దాన్ని ఆటవస్తువుగానే వాడతారు. మావాడు వెనకబడింది బడి తప్పిపోవడం వల్ల. రోజూ బడికి వెళ్తూ, ఎన్ని నెలలు సాధన చేసినా ఐదు పూసలనూ ఆరు పూసలనూ పోల్చలేని బిడ్డ అయితే విషయం వేరు కావచ్చు. నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని, అంటే చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ఎడతెగని ఇబ్బందిని, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో చేర్చింది. అలాంటి బిడ్డను నిపుణులకు చూపించాలి, దండ మీద ఆధారపడకూడదు.

కొనేవాళ్లు పూసలు కుంకుడుకాయంత పెద్దవి తీసుకోండి, చిన్నవి వేళ్లకు అందవు. దారం మాత్రం గాలాలకు వాడే నైలాన్‌దే. తెగాక నేను అదే వేశాను, ఇంతవరకు చెక్కు చెదరలేదు. వాడి చెల్లెలు ఈ ఏడాది ఒకటో తరగతిలో చేరింది. ఆమెకు ఇరవై పూసలతో చిన్న దండ గుచ్చాను, ఐదు పూసలకోసారి రంగు మార్చి. అది ఆమెకు ఎంతవరకు ఉపయోగపడుతుందో ఇప్పుడే చెప్పలేను.