వాగుకి నీళ్లు అద్దెకిచ్చే పథకం: కొలంబియా బేసిన్ వాటర్ ట్రాన్సాక్షన్స్ ప్రోగ్రామ్ రివ్యూ

రైతు తన సాగునీటి హక్కుని కొంతకాలం అద్దెకిస్తే, ఆ నీళ్లని పొలానికి తియ్యకుండా చేపల కోసం వాగులోనే పారనిచ్చే పథకం ఇది. పాత తేదీ ఉన్న నీటి హక్కు, చిన్న వాగు, ఆ వాగు మీద ప్రవాహం కొలిచే నమ్మదగిన గేజి. ఈ మూడూ ఉన్నచోట ఈ పథకం చక్కగా పనిచేస్తుంది. ఒక్కటి లోపించినా రైతుకి డబ్బు ముడుతుంది గానీ, చేపకి నీళ్లు అందాయో లేదో చెప్పేవాళ్లుండరు. అందుకే ఈ రివ్యూలో కొలత గురించే ఎక్కువ మాట్లాడతాం.

ముందు డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చూద్దాం. అమెరికా వాయవ్యంలో, కొలంబియా నదీ పరివాహకంలోని ఫెడరల్ డ్యాముల కరెంటు అమ్మే సంస్థ బోన్‌విల్ పవర్ అడ్మినిస్ట్రేషన్. ఆ డ్యాముల వల్ల చేపలకి జరిగిన నష్టాన్ని పూడ్చే బాధ్యతని 1980 నాటి నార్త్‌వెస్ట్ పవర్ యాక్ట్ దాని మీదే పెట్టింది. 2002లో మొదలైన ఈ పథకానికి ప్రధానంగా డబ్బిచ్చేది ఆ సంస్థే. నిర్వహణ నేషనల్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్‌ది. రైతు గడప తొక్కేది మాత్రం డెషూట్స్ రివర్ కన్జర్వెన్సీ, ది ఫ్రెష్‌వాటర్ ట్రస్ట్, వాషింగ్టన్ వాటర్ ట్రస్ట్, క్లార్క్ ఫోర్క్ కొయలిషన్ లాంటి స్థానిక సంస్థలు. ఈ ఏర్పాటు మాకు నచ్చింది. ఏ తూము ఎవరిదో, ఏ కాలువ ఎక్కడ కారుతుందో తెలిసినవాళ్లే బేరం చేస్తారు.

మన దగ్గర కాలువ నీళ్లు ఇరిగేషన్ శాఖ వదిలితే వస్తాయి. అక్కడ నీటి హక్కు భూమిలాగే ఆస్తి. ఎవరు ముందు వాడుకలోకి తెచ్చారో వాళ్లదే ముందు వంతు. 1880ల హక్కున్నవాడి వాటా పూర్తిగా తీరాకే 1950 నాటి హక్కుదారుకి తూము తెరుస్తారు. ఓరెగాన్ రాష్ట్రంలో వరసగా 5 ఏళ్లు వాడకపోతే హక్కు పోయే ప్రమాదం ఉంటుంది. ఆ భయంతో అవసరం లేకపోయినా పొలానికి నీళ్లు పెట్టేవాళ్లుంటారు. 1987లో ఓరెగాన్ తెచ్చిన చట్టం వాగులో పారే నీటిని కూడా సద్వినియోగంగానే గుర్తించింది. లీజుకిచ్చిన కాలం వాడుక కిందే లెక్క. పాత తేదీ అలాగే ఉంటుంది, హక్కూ పోదు. రైతుని ఒప్పించడానికి అద్దె డబ్బు కన్నా ఈ భరోసాయే ఎక్కువ ఉపయోగపడుతుందని మా నమ్మకం.

ఓరెగాన్‌లో ఒక్కో లీజు గరిష్ఠంగా 5 ఏళ్లు, ఆ తర్వాత పొడిగించుకోవచ్చు. మామూలు లీజులో ఆ ఏడాది ఆ హక్కు కింద ఆ పొలానికి ఒక్క తడి కూడా పెట్టకూడదు. అదే భూమికి బోరు మీద అదనపు హక్కు ఉంటే దాన్నీ వాడకూడదు. ఒప్పందాలు ఎక్కువగా బెడిసికొట్టేది ఇక్కడే. వాగు నీళ్లు అద్దెకిచ్చి బోరు నీళ్లతో గడ్డి పెంచుతామనుకుంటే కుదరదు. మొదటి కోత గడ్డి తీసుకుని, ఆ తర్వాత నీళ్లు వదలాలనుకునేవాళ్లకి సీజన్‌ని రెండుగా పంచే లీజు ఉంది. అందులో రైతు వాడుకున్న నీటిని కూడా కొలిచి చూపించాలి.

సంతకానికి ముందు ఒక లెక్క వేసుకోవాలి. హక్కు పత్రంలో రెండు పరిమితులుంటాయి. ఒకటి ఏ క్షణానైనా తీసుకోగల వేగం, రెండోది సీజన్ మొత్తానికి వాడుకోగల పరిమాణం. ఉదాహరణకి 40 ఎకరాల పొలం, ఎకరానికి క్యూసెక్కులో 40వ వంతు చొప్పున వేగం, ఎకరానికి 3 అడుగుల నీరు పరిమాణం అనుకుందాం. వేగం 1 క్యూసెక్కు, మొత్తం 120 ఎకరం అడుగులు. ఒక క్యూసెక్కు రోజంతా పారితే దాదాపు 2 ఎకరం అడుగులు. అంటే పూర్తి వేగంతో వదిలితే 60 రోజుల్లో వాటా అయిపోతుంది. ఏప్రిల్‌లో మొదలుపెడితే జూన్‌కల్లా ఖాళీ. కొండల మీద మంచు కరిగి వాగు నిండుగా ఉన్న రోజుల్లో నీళ్లు పోసి, ఆగస్టులో చేతులెత్తేసినట్టవుతుంది. అదే 60 రోజుల్ని జూలై, ఆగస్టు నెలల్లో పెట్టించుకుంటే ఆ క్యూసెక్కు చేప ప్రాణం నిలుపుతుంది. లీజు పత్రంలో ఎన్ని క్యూసెక్కులని మాత్రమే రాసి ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది వదిలేస్తే ఒప్పుకోవద్దు.

ఇక పర్యవేక్షణ. ఈ పథకానికి నాలుగు అంచెల లెక్కింపు పద్ధతి ఉంది: ఒప్పందం అమలైందా, నీళ్లు నిజంగా పెరిగాయా, చేప ఉండే చోటు మెరుగుపడిందా, మొత్తంగా వాగు జీవం కోలుకుందా. మొదటి అంచె తేలిక. తూముకి తాళం, ఏటా ఒకేచోట నిలబడి తీసిన పొలం ఫొటోలు సరిపోతాయి. అసలు పరీక్ష రెండో అంచెలోనే.

వాగులో నీటిమట్టం నమోదు చేసే ప్రెజర్ లాగర్ 15 నిమిషాలకోసారి ఒక అంకె ఇస్తుంది. అది లోతు మాత్రమే, ప్రవాహం కాదు. లోతుని ప్రవాహంగా మార్చాలంటే మనిషి వాగులో దిగాలి. ఒడ్డునుంచి ఒడ్డుకి టేపు కట్టి, 25 దాకా చోట్ల లోతు, వేగం కొలవాలి. లోతు తక్కువున్నచోట పైనుంచి పదింట ఆరు వంతుల లోతులో వేగం చూడాలి. ఏ ఒక్క భాగంలోనూ మొత్తం ప్రవాహంలో 10 శాతానికి మించి ఉండకూడదు, 5 శాతం లోపుంటే మరీ మంచిది. నిండు నీళ్లప్పుడు, మధ్యరకంగా ఉన్నప్పుడు, ఆగస్టులో అడుగంటినప్పుడు ఇలా కొలిస్తేనే రేటింగ్ కర్వ్, అంటే ఏ లోతుకి ఎంత ప్రవాహమో చూపే గీత, నిలబడుతుంది. వేసవి కొలతలు ఎగ్గొట్టి వసంతకాలపు అంకెలతో గీసిన గీతని కిందికి పొడిగిస్తే, మనకి కావలసిన నెలలోనే అది తప్పు చెబుతుంది.

తప్పులు ఇంకా మూడు దారుల్లో వస్తాయి. గాలి గొట్టం లేని లాగర్ నీటి ఒత్తిడినీ గాలి ఒత్తిడినీ కలిపి చదువుతుంది. పక్కనే ఒడ్డు మీద ఇంకో లాగర్ పెట్టి గాలి ఒత్తిడి తీసేయాలి. బారోమీటరు 1 అంగుళం పాదరసం మారితే నీటిమట్టం 13.6 అంగుళాలు మారినట్టు కనిపిస్తుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. రెండోది, వసంతకాలపు వరద అడుగు కంకరని కదిలిస్తే నిరుటి కర్వ్ చెల్లదు. మూడోది అన్నిటికన్నా మోసకారి. ఎండాకాలం చివర్లో నాచు, నీటి మొక్కలు పెరిగి ప్రవాహాన్ని అడ్డగిస్తాయి. నీళ్లు పెరగకపోయినా మట్టం పెరుగుతుంది. లీజు ఫలించిందని చూపించే గ్రాఫు నిజానికి నాచు గ్రాఫు కావచ్చు. కొలవడానికి వచ్చిన ప్రతిసారీ స్టాఫ్ గేజి (నీటిలో నిలబెట్టిన కొలబద్ద) చదివి, లాగర్ అంకెతో పోల్చి, ఆ ఫొటో దాచమని అడగండి.

చిన్న వాగు కావాలని మొదట్లో ఎందుకన్నామో ఇక్కడ తెలుస్తుంది. బాగా చేసిన కొలతలోనూ 5 శాతం అటూ ఇటూ ఉంటుంది. 40 క్యూసెక్కుల వాగుకి 1 క్యూసెక్కు కలిపితే ఆ తేడా కొలత తప్పులోనే కలిసిపోతుంది. 4 క్యూసెక్కుల వాగుకి 1 కలిపితే కొలతలోనూ కనిపిస్తుంది, చేపకీ తెలుస్తుంది. పెద్ద నదుల మీద ఒక్కో లీజుని విడిగా కాక, ఒకే చోట ఒకే లక్ష్యం పెట్టుకుని నడపాలి. ఐడహోలో లెమ్‌హై నది మీద ఎల్-6 అనే కాలువ మళ్లింపు దగ్గర 25 నుంచి 35 క్యూసెక్కుల కనీస ప్రవాహం ఉండాలన్న ఒప్పందం అలాంటిదే.

గేజి లేకపోతే నీళ్లని కాపాడటమూ కష్టమే. పైన రైతు వదిలిన నీళ్లని దిగువన కొత్త తేదీ హక్కున్నవాడు తోడుకుంటే ఆపాల్సింది వాటర్‌మాస్టర్, అంటే నీటి హక్కుల వంతులు అమలు చేసే ప్రభుత్వ అధికారి. ఆయన చేతికి అంకెలు కావాలి. మళ్లింపుకి పైన, కింద ఒకే రోజు కొలిచిన ప్రవాహాలు ఇస్తే నీళ్లు ఏ మలుపులో మాయమవుతున్నాయో తేలుతుంది.

చేపల లెక్కతో పథకాన్ని ఏడాదికోసారి తూచడం మాత్రం అన్యాయం. మన పులసలాగే స్టీల్‌హెడ్, చినూక్ సామన్ సముద్రం నుంచి ఎదురీది వస్తాయి. ఈ ఏడాది వాగులో బతికిన పిల్ల గుడ్లు పెట్టడానికి తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. మధ్యలో డ్యాములున్నాయి, సముద్రం ఉంది. త్వరగా తెలిసేది నీటి వేడి. ఓరెగాన్ ప్రమాణం ప్రకారం సామన్, ట్రౌట్ పెరిగే చోట ఏడు రోజుల గరిష్ఠాల సగటు 18 డిగ్రీలు దాటకూడదు. బుల్ ట్రౌట్ గుడ్లు పెట్టి పిల్లలు పెరిగే చోట 12. లీజు పక్కనే ఉష్ణోగ్రత లాగర్‌కీ డబ్బు కేటాయించాలి. దాన్ని నేరుగా ఎండ తగలని చోట, పారే నీటిలో పెట్టాలి.

ఏడాది లీజులకి మా మార్కులు మధ్యస్థంగానే ఉంటాయి. వాటి కాగితం పని, బేరం ఏటా మళ్లీ మొదటికొస్తాయి. కరువొచ్చి గడ్డి ధర పెరిగిన ఏడాది రైతు వెనక్కి తగ్గుతాడు, చేపకి నీళ్లు ఎక్కువ అవసరమైన ఏడాదీ అదే. ఎక్కువ మార్కులు పొదుపు నీళ్ల పద్ధతికి ఇస్తాం. కారే మట్టి కాలువ తీసి పైపు వేస్తే మిగిలే నీటిలో కనీసం 25 శాతం ఓరెగాన్ చట్టప్రకారం వాగుకి పోతుంది. ఖర్చులో ప్రజాధనం వాటా పెరిగేకొద్దీ వాగు వాటా పెరుగుతుంది. సిస్టర్స్ ఊరి దగ్గర వేసవిలో ఎండిపోతూ వచ్చిన వైచూస్ క్రీక్‌లో త్రీ సిస్టర్స్ ఇరిగేషన్ డిస్ట్రిక్ట్ అనే సాగునీటి సంస్థ తన కాలువలకి పైపులు వేశాక మళ్లీ నీళ్లు పారుతున్నాయి. రైతుకీ పైపులో ఒత్తిడి దొరికి మోటారు ఖర్చు తగ్గుతుంది. అయితే కాలువ కారడం ఆగితే దాని ఊటతో నిండే పక్క బావుల మట్టం తగ్గొచ్చు. పైపు వేయడానికి కనీసం ఏడాది ముందునుంచే ఆ బావుల్లో మట్టాలు నెలనెలా కొలిచే ఖర్చు బడ్జెట్‌లో ఉందో లేదో చూసుకోండి.