చేతి కాగితం మీద మార్కర్ నేరుగా పెట్టకండి

ముందే చెప్పేస్తున్నాను. హ్యాండ్‌మేడ్ పేపరు బావుంటుంది, రబ్బరు స్టాంపులు బావుంటాయి, ఆల్కహాల్‌లో కలిపిన రంగుతో వచ్చే ఆల్కహాల్ మార్కర్ పెన్నులు ఇంకా బావుంటాయి. మూడింటినీ ఒకే కార్డు మీద నేరుగా కలిపితే మాత్రం ఏదీ బావుండదు. విజయనగరంలో మా మేడ గదిలో కూర్చుని కొన్నేళ్లుగా పుట్టినరోజు కార్డులు, సీమంతాలకి ట్యాగులు, నోములకి వాయనం సంచులు, పెళ్లిళ్లకి చదివింపుల కవర్లు చేస్తున్నాను. కొన్ని సరదాకి, కొన్ని డబ్బుకి. వీడియోలు చూసి ఈ మూడూ కొనుక్కునేవాళ్లు ఈమధ్య మా చుట్టాల్లోనే ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ ఫోన్లో అదే పాఠం చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

నేను కొనేది జైపూర్ పక్కనున్న సాంగానేర్ కాగితం. అక్కడ కాగ్జీ కుటుంబాలు తరతరాలుగా ఇదే పని మీద ఉన్నాయి. బట్టల ఫ్యాక్టరీల్లో మిగిలిన కాటన్ పీలికల్ని గుజ్జు చేసి, ఆ గుజ్జు నీళ్లలో జల్లెడ చట్రం ముంచి పైకి తీస్తే పొరగా నిలిచేదే ఈ కాగితం. పత్తి పీచు పొడుగ్గా ఉంటుంది కాబట్టి మడతపెట్టినా పగలదు. దీని అసలు గొప్ప అదే. చదివింపుల కవరు మామూలు అట్టతో చేస్తే మడత దగ్గర తెల్లటి పగులు తేలుతుంది. దీంతో చేసినది పదిమంది చేతులు మారినా మడత మెత్తబడుతుందే గాని చిరగదు. కవర్లకి 150 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో ఆ లెక్క) సరిపోతుంది, నిలబడే కార్డులకి 250 పైన తీసుకోండి. మా అత్తయ్యకి మాత్రం ఇప్పటికీ నచ్చలేదు. "ఇంత డబ్బెట్టి కొన్నావు, నున్నగా లేదేటమ్మా?" అంటారు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఒకే కట్టలో ఒక షీటు మందంగా, ఇంకోటి పల్చగా వస్తుంది. వానాకాలం మొదలైందంటే సముద్రపు గాలి తేమకి అంచులు అలలు తిరిగిపోతాయి. నేను కట్టలు విప్పకుండా రేకు పెట్టెలో పడుకోబెట్టి పైన బరువు పెడతాను. నీళ్లు కలిపిన ఫెవికాల్ రాస్తే కాగితం ముడుచుకుంటుంది. చిక్కటి ఫెవికాల్ అంచుల్లో సన్నగా పెట్టండి, లేదంటే డబుల్ సైడ్ టేపు మేలు.

ఇక ఈ కాగితం మీద ఆల్కహాల్ మార్కరు పెడితే ఏమవుతుంది? వేడి అన్నంలో నెయ్యిలా పాకుతుంది. గీత దాటి, పువ్వు దాటి, వెనక్కి దిగి, కింద ఉన్న షీటుకి కూడా అంటుకుంటుంది. చాలామంది "నాసిరకం కాగితమేమో" అనుకుని ఇంకా ఖరీదైనది తెప్పిస్తారు. అది ఇంకా తాగుతుంది. కాగితం తయారీలో సైజింగ్ అని ఒకటి ఉంటుంది. గుజ్జులో కలిపో, పైపూతగా వేసో కాగితానికి ఇంకు పీల్చకుండా కట్టుబాటు పెడతారు. ఆ కట్టుబాటు నీళ్లకి. బొట్టుని విడిపోకుండా ముడిచి ఉంచే బిగువుని తలతన్యత అంటారు. నీటి తలతన్యత మీటరుకి 72 మిల్లీన్యూటన్లయితే ఇథనాల్ అనే ఆల్కహాల్‌ది సుమారు 22. నీటి బొట్టు నిలబడే చోట ఆల్కహాల్ నిలబడదు, పరుచుకుని లోపలికి దిగిపోతుంది. ఫౌంటెన్ పెన్ను ముత్యాల్లా రాసే కాగితం మీద కూడా మార్కరు వెనక్కి కనబడేది అందుకే. పైగా ఆ గరుకుకి మార్కరు బ్రష్ మొన పీచులు లేచిపోతుంది, లోపల ఇంకు కూడా తొందరగా అయిపోతుంది.

ఇందుకు విరుగుడు ఐవరీ కార్డు, అంటే మెరుపు లేని నున్నటి అట్ట. పెళ్లి కార్డులు వేసే ప్రింటింగ్ ప్రెస్సుకి వెళ్లి 250 లేదా 300 జీఎస్‌ఎం ఐవరీ కావాలంటే ఇస్తారు, అక్కడే మెషీన్ మీద కార్డు సైజుకి కోసి కూడా ఇస్తారు. కత్తిరించగా మిగిలిన ముక్కలు అడిగితే ఇంకా చవక, ట్యాగులకి అవే చాలు. స్టాంపు దీని మీద వేయండి, రంగు దీని మీద నింపండి, చుట్టూ కత్తిరించి చేతి కాగితం మీద అతికించండి. గరుకు నేల మీద నున్నటి బొమ్మ లేచి కనబడుతుంది. నిగనిగలాడే ఆర్ట్ కార్డు జోలికి పోవద్దు. దాని మీద మార్కరు రంగు లోపలికి దిగదు, పైన చారలు కడుతుంది. ఐవరీ మీద కూడా రంగు వెనక్కి కొంచెం కనబడుతుంది, అతికించేదే కాబట్టి దాని గొడవ లేదు.

మార్కర్ల విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చదు. పెద్ద సెట్టు కొనకండి. వంద పైచిలుకు రంగుల సెట్టు చవగ్గా వస్తుంది, పెట్టె తెరిస్తే కళ్లు చెదురుతాయి. వాడుతుంటే తెలుస్తుంది అందులో మూడొంతులు చేతికి రావని. మూత రంగుకీ లోపలి రంగుకీ పొంతన ఉండదు. కంటికి గుచ్చుకునే రంగులు బోలెడు, పక్కపక్కన పెట్టినా తేడా తెలియని బూడిద రంగులు ఇంకా బోలెడు. అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది చర్మం రంగులని ఇచ్చే వరుసకి. అన్నీ పాలిపోయిన గులాబీలే. పట్టు పరికిణీ కట్టుకున్న మన పిల్ల బొమ్మకి ఆ రంగు వేస్తే జ్వరం వచ్చినదానిలా ఉంటుంది. అయినా మొదట్లో చేయి తిరగడానికి చిన్న చవక సెట్టు తప్పేం కాదు. కొనగానే ఒక ఐవరీ ముక్క మీద అన్ని రంగులూ గీసి నంబర్లు రాసి పెట్టుకోండి. ఆ చీటీ లేకుండా మూతల్ని నమ్మి పని చెయ్యలేరు.

నేను రోజూ వాడేవి జపాన్ కాపిక్ మార్కర్లు. 1987 నుంచి ఉన్నాయి, స్కెచ్ రకంలో 358 రంగులు. ఒక్కొక్కటీ ఖరీదే, అందుకే సెట్టుగా కాకుండా కావలసిన రంగులు విడివిడిగా కొన్నాను. ఇంకు అయిపోతే సీసా తెచ్చి నింపుకోవచ్చు, మొన అరిగితే లాగేసి కొత్తది పెట్టుకోవచ్చు. ఏళ్ల తరబడి అదే పెన్ను. చవక సెట్టులో నింపడానికి లేని పెన్ను ఎండిందంటే చెత్తబుట్టకే. దీని మీది కోడు మొదట్లో తికమకగా ఉంటుంది గాని అలవాటైతే వదలబుద్ధి కాదు. అక్షరం రంగు కుటుంబం, మొదటి అంకె పెరిగేకొద్దీ రంగు మందగిస్తుంది, చివరి అంకె పెరిగేకొద్దీ ముదురుతుంది. ఒకే కుటుంబంలో చివరి అంకె రెండు మూడు తేడా ఉన్న పెన్నులు పక్కపక్కన కొంటే నీడలు కలిసిపోతాయి. మన ఒంటి రంగులకి ఇంగ్లీషు E అక్షరంతో మొదలయ్యే మట్టి వరుస చూడండి. మామిడాకులకి YG, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చ వరుస. లేతది ముందు వేసి, నీడ ఉన్నచోట ముదురు పెట్టి, తడి ఆరకముందే మళ్లీ లేతదానితో సరిహద్దు మీద రుద్దడమే మొత్తం విద్య. పసుపు పచ్చది మాత్రం జాగ్రత్త. తడిగా ఉన్న కుంకుమ రంగుని తాకిందంటే మొన ఎర్రబడి తర్వాతి రెండు పువ్వులు పాడు చేస్తుంది. ఓ చిత్తు ముక్క మీద గీస్తే పోతుంది.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఫ్యాను కింద ఈ పని పెట్టుకోవద్దు. కలిసేలోపే ఆరిపోతుంది. ఉదయం పూట కిటికీ తెరిచి కూర్చుంటే వాసనా ఉండదు, రంగూ మాట వింటుంది. రెండు వైపులా మొనలున్న పెన్నుల్ని నిలబెట్టకూడదు, పడుకోబెట్టాలి. నిలబెడితే ఇంకు ఒక వైపుకి దిగి రెండోది ఎండుతుంది.

స్టాంపు ఇంకు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. ఇంట్లో ఉన్న ఆఫీసు ప్యాడు, అదే ఊదా రంగుది, వాడి పైన ఆల్కహాల్ మార్కరు పెడితే గీతలన్నీ కరిగి బొమ్మంతా ఊదా అవుతుంది. సూత్రం సులువు: పైన ఆల్కహాల్ రంగు వేసేటప్పుడు కింద నీటి ఆధారమైన ఇంకు ఉండాలి, అదీ పూర్తిగా ఆరాలి. సుకినెకో కంపెనీవాళ్ల మెమెంటో నల్లది ఇందుకు బాగా పనికొస్తుంది, నాకు ఇంతవరకు చెదరలేదు. అదే కంపెనీ స్టేజాన్ గాజు మీదా ప్లాస్టిక్ మీదా నిలిచే సాల్వెంట్ ఇంకు. దాని మీద వాటర్ కలర్ వేసుకోవచ్చు గాని ఆల్కహాల్ మార్కరు వేస్తే కరుగుతుంది. రెండూ నల్లవే, పెట్టెలూ చిన్నవే. చూసి కొనండి. ఆ ప్యాడు కూడా ఎందుకు అనుకునేవాళ్లకి ఇంకో దారి ఉంది, జెరాక్స్. కాపిక్‌లు పుట్టిందే జెరాక్స్ టోనర్ కరగకుండా పైన రంగు వేసుకోవడానికి. మీ ముగ్గు గీతని ఐవరీ మీద జెరాక్స్ తీయించుకుంటే స్టాంపే అక్కర్లేదు.

అయినా స్టాంపు వదలకండి. ఆన్‌లైన్లో దొరికే పారదర్శకం స్టాంపులు రెండు రకాలు. మంచి పాలిమర్‌వి ఇంకుని సమానంగా పట్టుకుంటాయి. చవక సిలికాన్‌వి కొత్తలో ఇంకుని పూసలు పూసలుగా విదిలించేస్తాయి. పెన్సిల్ రబ్బరుతో మెత్తగా రుద్దితే కొంత దారికొస్తాయి. ఎండ తగిలే చోట పెడితే పాలిమర్ పసుపెక్కి జిగట పట్టేస్తుంది. స్పిరిట్‌తో తుడవకండి, తడి గుడ్డ చాలు. వాటిలో బొమ్మలేమో మంచు మనిషి, క్రిస్మస్ చెట్టు, చేతిలో కప్పు పట్టుకున్న ఎలుక. శ్రావణ శుక్రవారం వాయనం మీద ఎలుక ఎలా వేస్తాం?

అందుకే అసలు సిసలు లాభం మన ఊళ్లోనే ఉందంటాను. కోర్టుల దగ్గర, కలెక్టరేట్ల దగ్గర రబ్బరు స్టాంపులు చేసే చిన్న షాపులుంటాయి. విజయనగరంలోనే కాదు, శ్రీకాకుళంలోనూ ఉంటాయి. నేను నల్ల స్కెచ్‌తో తెల్లకాగితం మీద ముగ్గు వేసి తీసుకెళ్తాను. ఆయన దాన్ని నెగటివ్ తీసి, ద్రవ పాలిమర్ మీద పెట్టి అతినీల కాంతి మెషీన్లో ఉంచుతాడు. కాంతి తగిలినచోట గట్టిపడుతుంది, తగలనిది కడిగితే పోతుంది. ఆన్‌లైన్ స్టాంపు ధరలో సగం కూడా కాదు. మొదటిసారి "ఏ ఆఫీసుదమ్మా?" అని అడిగాడు. ఇప్పుడు నన్ను చూడగానే "ఏటమ్మా, ఈసారి తామరా, నెమలా?" అంటాడు. గీత మరీ సన్నగా ఉంటే కడిగేటప్పుడు విరుగుతుంది, కాబట్టి లావు గీతలు గీయండి. మామిడి తోరణం, చుక్కల ముగ్గు, సిరిమానోత్సవానికి అమ్మవారి పాదాలు అన్నీ అలా చేయించినవే. సవర గిరిజనుల బొమ్మల స్టాంపు చెయ్యమని ఒకరిద్దరు అడిగారు. అవి సవరలు తమ ఇళ్ల గోడల మీద పూజతో గీసుకునేవి. స్టాంపు చేసి చాక్లెట్ల సంచి మీద కొట్టడానికి నాకు మనసొప్పలేదు.

ఈ లావు గీతల స్టాంపులకి ఐవరీ కూడా అక్కర్లేదు, చేతి కాగితం మీదే వేయొచ్చు. కింద పాత మౌస్ ప్యాడు పెట్టి, కరగని రంగుపొడి ఉండే పిగ్మెంట్ ఇంకు దండిగా అద్ది, కదపకుండా నిటారుగా ఒత్తాలి. అక్కడక్కడా ముద్ర విరుగుతుంది. ముగ్గుకి ఆ విరుపు అందమే. వానాకాలంలో పిగ్మెంట్ ఇంకు ఆరడానికి ఒక రాత్రి పడుతుంది. తొందరుంటే తడి మీద, వేడికి కరిగి ఉబ్బెత్తుగా గట్టిపడే ఎంబాసింగ్ పౌడరు చల్లి హీట్ గన్‌తో కరిగించండి. హెయిర్ డ్రయ్యర్ పనికిరాదు. వేడి చాలదు, గాలికి పౌడరంతా ఎగిరిపోతుంది.

ఇంట్లో కాగితం చేసుకోవడం గురించీ అడుగుతారు. పాత నోటు పుస్తకాలు నానబెట్టి మిక్సీలో వేసి, దోమతెర బిగించిన చట్రంతో తీస్తే వస్తుంది, పిల్లలకి మంచి కాలక్షేపం. జూట్ మిల్లుకి పేరుపడ్డ నెల్లిమర్ల దగ్గర్లో ఉంటాం కాబట్టి గోనె పీచు సన్నగా కత్తిరించి, ఉడకబెట్టి అందులో కలుపుతాను, బంగారు రంగు వెంట్రుకల్లా తేలుతుంది. పొందూరు ఖద్దరు ముక్కలతో చేద్దామనే ఆలోచన అందరికీ వస్తుంది. మిక్సీ వల్ల కాదు. మిక్సీ పీచుని కోస్తుంది, కాగితానికి పీచు చితికి నూగు లేవాలి. అందుకు గుడ్డని గంటల తరబడి తిప్పి చితకగొట్టే హాలెండర్ బీటర్ అనే యంత్రం ఉండాలి. మిక్సీలో గుడ్డ వేస్తే దారాలు బ్లేడుకి చుట్టుకుని మోటారు కాలుతుంది. గంజి పూస్తే ఇంటి కాగితం గట్టిపడుతుంది గాని పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగులకి గంజి అంటే ప్రాణం.

మార్కర్ల గురించి అమ్మేవాళ్లు పెద్దగా చెప్పనిది ఇంకోటుంది. అందులోవి ద్రవంలో కరిగిపోయే డై రంగులు, వెలుతురుకి పాలిపోతాయి. ఆల్బంలో పెట్టినవి అలాగే ఉన్నాయి. కిటికీ ఎదురుగా ఫ్రేములో పెట్టినవాటిలో గులాబీ ముందు పోయింది, ఊదా తర్వాత. ఎవరైనా గోడకి తగిలించేది కావాలంటే మార్కరు బొమ్మని స్కాన్ చేసి ప్రింటు ఇస్తాను, అసలుది కవర్లో పెట్టి చేతికిస్తాను. గుమ్మం మీదకి పేరు పలక అడిగితే మార్కరు ముట్టను. స్టాంపు, పిగ్మెంట్ ఇంకు, పైన ఎంబాసింగ్, అంతే. దానికి కూడా వాన జల్లు తగలని గుమ్మమేనా అని ముందు అడుగుతాను.