హైదరాబాద్‌లో బోన్ స్కాన్: పాత గామా కెమెరా, మంచి ఇమేజ్‌లు

గామా కెమెరా స్కాన్ అనగానే అందరూ మిషన్ కొత్తదేనా అని అడుగుతారు. బోన్ స్కాన్‌లో ఇంజక్షన్‌గా ఇచ్చిన రేడియోధార్మిక మందు ఎముకలకి చేరాక, దాన్నుంచి వచ్చే గామా కిరణాలని పట్టి ఇమేజ్ తీసే మిషన్ ఇది. నేను ఈ పనిలోనే ఉన్నాను, నన్నడిగితే నడిపే మనిషిని చూడమంటాను. మా పెద్దమ్మని తీసుకెళ్ళిన చిన్న సెంటర్‌లో మిషన్ పాతదే, అయినా వెన్నుపూసలు దేనికది విడిగా కనిపించాయి.

ఆ ఘనత అక్కడి టెక్నాలజిస్ట్ అమ్మాయిది. ఇంజక్షన్ చాలా జాగ్రత్తగా ఇచ్చింది, ఎందుకంటే మందు నరం బయటికి కారితే ఇమేజ్‌లో అక్కడే నల్లటి మచ్చ పడుతుంది, ఎముకలకి చేరేది తగ్గిపోతుంది. మూడు గంటలు ఆగమంది, నీళ్ళు బాగా తాగమంది, టేబుల్ ఎక్కేముందు బాత్రూమ్‌కి పంపింది. బ్లాడర్ నిండుగా ఉంటే కటి ఎముకలు సరిగ్గా కనపడవు మరి. అలాగని మరీ ఆలస్యం చేయడానికీ లేదు, మందులో కిరణాలిచ్చే టెక్నీషియం 6 గంటలకి సగం అయిపోతుంది.

అసలు సంగతి దూరం. కిరణాలని పట్టే డిటెక్టర్ ముందు ఉండే కొలిమేటర్ సన్నటి రంధ్రాలున్న సీసపు పలక, తిన్నగా వచ్చిన కిరణాలనే లోపలికి వదులుతుంది. పదివేలలో ఒకటో రెండో దాటుతాయి, అంతే. ఒంటికి దూరం పెరిగేకొద్దీ ఇమేజ్ మసకబారుతుంది, మామూలు హై రిజల్యూషన్ కొలిమేటర్‌తో కూడా 10 సెంటీమీటర్ల దూరంలో 7, 8 మిల్లీమీటర్ల కంటే సన్నటి వివరం రాదు. ఈ అమ్మాయి డిటెక్టర్‌ని తగిలీ తగలనంత దగ్గరగా దించింది, పెద్దమ్మ భయపడకుండా ముందే చెప్పి మరీ. నడుము నొప్పితో అర్ధగంట కదలకుండా పడుకోవడం చిన్న విషయం కాదు, అందుకని మోకాళ్ళ కింద దిండు పెట్టింది. టేబుల్‌ని తొందరగా నడిపించేసి ఇంకో పేషెంట్‌ని ఎక్కించే చోట్లు చూశాను, అక్కడ కౌంట్లు, అంటే డిటెక్టర్ పట్టిన కిరణాల లెక్క, చాలక ఇమేజ్ అంతా చుక్కలు చుక్కలుగా వస్తుంది.

పొద్దున యూనిఫార్మిటీ చెక్, అంటే డిటెక్టర్ అంతటా ఒకేలా పనిచేస్తోందా అన్న పరీక్ష, చేశారా అంటే ఆ రోజుది తెరిచి చూపించింది. డిటెక్టర్ లోపల మెరుపుల్ని సిగ్నల్‌గా మార్చే ఫోటోమల్టిప్లయర్ ట్యూబ్ ఒక్కటి తేడా చేసినా స్పాట్ వ్యూలో (ఒక్క భాగాన్నే కదలకుండా తీసే ఇమేజ్‌లో) గుండ్రటి మచ్చలా కనపడి డాక్టర్‌ని తప్పుదారి పట్టించొచ్చు, కాబట్టి ఇది రోజూ చూడాల్సిందే.

నచ్చనివీ ఉన్నాయి. ఇంజక్షన్ అయినవాళ్ళనీ, చంటిపిల్లలతో వచ్చినవాళ్ళనీ ఒకే హాల్లో కూర్చోబెడుతున్నారు, ఇది వెంటనే మార్చాలి. ఇమేజ్‌లు కాగితం మీద నల్లగా ప్రింట్ చేసి ఇచ్చారు, పక్కటెముకలు అసలు తెలియట్లేదు. గట్టిగా అడిగితే గానీ సీడీ ఇవ్వలేదు. మీరు వెళ్తే డబ్బు కట్టేముందే సీడీ కావాలని చెప్పండి.