సీనియర్లా, లింక్డ్‌ఇనా, మీటప్‌లా: బీటెక్ అయ్యేలోపు ఏ పరిచయాలు మేలు?

బీటెక్ మూడో ఏడాదికి వచ్చేసరికి అందరూ చెప్పే మాట "నెట్‌వర్క్ పెంచుకో" అని. ఎవరితో, ఎలా అన్నది మాత్రం చెప్పరు. పెద్ద కాలేజీల పిల్లల సంగతి వేరు, వాళ్ల దగ్గరికి కంపెనీలే వస్తాయి. ఇది జిల్లా కాలేజీల్లో చదివేవాళ్ల కోసం రాస్తున్నాను, ఎందుకంటే తెలివి ఉండి కూడా అడిగే దిక్కు లేక ఆగిపోయేది ఎక్కువగా వాళ్లే. వాళ్ల ముందు మూడు దారులున్నాయి: లింక్డ్‌ఇన్‌లో ముక్కూమొహం తెలియనివాళ్లకి మెసేజ్‌లు పెట్టడం, కాలేజీ సీనియర్లని అడగడం, మీటప్‌లకి (ఒకే రంగంవాళ్లు కలిసి మాట్లాడుకునే సమావేశాలు) వెళ్లడమో, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో (కోడ్ అందరికీ తెరిచి ఉండేవి) పని చేసి తెలియడమో. నా ఓటు సీనియర్లకే, కానీ నిన్నగాక మొన్న పాసైనవాళ్లకి కాదు.

ముందు లింక్డ్‌ఇన్ సంగతి. ఖర్చు లేదు కాబట్టి అందరూ ఇక్కడే మొదలుపెడతారు. "సర్, ప్లీజ్ రిఫర్ మీ" (మీ కంపెనీకి నా పేరు సూచించండి) అని యాభై మంది హెచ్‌ఆర్‌లకి ఒకే మెసేజ్ పెట్టి, ఒక్కరూ పలకలేదని దిగులు పడతారు. అవతల ఆ హెచ్‌ఆర్‌కి అలాంటివే వందలు వస్తుంటాయి. పైగా ఫ్రెషర్లని వేలల్లో తీసుకునే సర్వీస్ కంపెనీల్లో (వేరే సంస్థలకి పని చేసిపెట్టేవి) దారి పరీక్షే, టీసీఎస్ పెట్టే ఎన్‌క్యూటీ లాంటి పరీక్ష రాయాల్సిందే. అక్కడ ఎవరి పరిచయమూ మీ మార్కులు పెంచదు, ఆ టైమ్ ఆప్టిట్యూడ్ మీద పెట్టడం మేలు. రిఫరల్‌కి నిజంగా విలువ ఉండేది చిన్న స్టార్టప్‌లలో, సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసే ప్రొడక్ట్ కంపెనీల్లో. అక్కడ రెజ్యూమే గుట్టలో కింద పడిపోకుండా ఒకరు పైకి తీసి చూపించాలి.

అయినా లింక్డ్‌ఇన్ అకౌంట్ ఉండాలి, వేరే పనికి. మీ కాలేజీ పేజీలో అలమ్నై (పూర్వ విద్యార్థులు) అనే ట్యాబ్ ఉంటుంది. ఏ ఊళ్లో ఉన్నారు, ఏ కంపెనీ, ఏ పని అని వడకట్టి చూడొచ్చు, ఏ సంవత్సరాల బ్యాచో కూడా ఇవ్వొచ్చు. మన కాలేజీ నుంచి అక్కడిదాకా వెళ్లినవాళ్లున్నారా అని ఆశ్చర్యపోతారు.

ఇప్పుడు సీనియర్లు. పోయినేడు పాసైన అన్నయ్య మీకు బాగా దగ్గరే, కానీ ఆయనింకా ట్రైనింగ్‌లోనో బెంచ్ మీదో (ప్రాజెక్ట్ దొరక్క ఖాళీగా) ఉంటాడు. ఆయనకి తెలిసిన ఓపెనింగ్స్ మీ వాట్సాప్ గ్రూప్‌లో ముందే తిరిగి ఉంటాయి. అదే మూడు నుంచి ఐదేళ్ల ముందు బ్యాచ్ అయితే టీమ్‌లో నిలదొక్కుకుని ఉంటారు, మేనేజర్‌తో మాట్లాడగలరు, మీ చెవిన పడని కబుర్లు వాళ్లకి తెలుస్తాయి. దగ్గరివాళ్ల కంటే అప్పుడప్పుడు కలిసే పరిచయస్తుల వల్లే ఎక్కువగా ఉద్యోగాలు దొరుకుతాయని 1973లోనే మార్క్ గ్రానోవెట్టర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రాశాడు. 2022లో 2 కోట్ల మంది లింక్డ్‌ఇన్ వాడకందార్ల మీద చేసిన ప్రయోగాల ఫలితాలు సైన్స్ పత్రికలో వచ్చాయి. అందులోనూ దాదాపు అదే తేలింది, కాకపోతే మరీ దూరపువాళ్లు కాకుండా కొద్దిమంది ఉమ్మడి పరిచయస్తులు ఉన్నవాళ్లే ఎక్కువ పనికొచ్చారు. నాలుగేళ్ల ముందు బ్యాచ్ సీనియర్ సరిగ్గా అలాంటి మనిషే: అదే ల్యాబ్, అదే హెచ్‌ఓడీ, కానీ తిరిగే లోకం వేరు.

అడగడానికి మొహమాటం వద్దు. చాలా కంపెనీలు తమ ఉద్యోగి రిఫర్ చేసిన మనిషి చేరితే ఆ ఉద్యోగికి బోనస్ ఇస్తాయి (ఫ్రెషర్ల విషయంలో అన్నిచోట్లా ఇవ్వరు, అది వేరే మాట). అయితే మొదటి మెసేజ్‌లోనే ఉద్యోగం అడగొద్దు. "అన్నా నమస్తే, మన కాలేజీలోనే ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మీరు ఈసీఈ నుంచి టెస్టింగ్‌లోకి వెళ్లారని చూశాను. మొదట ఏం నేర్చుకున్నారో చెప్తారా?" చాలు. ఒకే ప్రశ్న, రెండు నిమిషాల్లో జవాబు ఇవ్వగలిగేది. చెప్పింది చేసి, నెల తర్వాత చేశానని చెప్పండి. చాలామంది వదిలేసేది ఇక్కడే, ఆ ఒక్క మెసేజ్‌తోనే మీరు గుర్తుండిపోతారు. తర్వాత వాళ్ల కంపెనీలో ఓపెనింగ్ కనిపిస్తే జాబ్ ఐడీ, ఒక పేజీ రెజ్యూమే పీడీఎఫ్ కలిపి పంపండి, వాళ్లని వెతుక్కోమనొద్దు.

ఆడపిల్లలు తెలియని మగవాళ్లకి మెసేజ్ పెట్టడానికి జంకుతారు, ఆ జంకు తప్పు కాదు. సీనియర్ అక్కలతో మొదలుపెట్టండి, లేదంటే మేడమ్‌ని అడిగితే ముందు ఆ అక్కకి ఒక మాట చెప్పి నంబర్ ఇస్తారు. ఇంకో జాగ్రత్త: "లక్షన్నర ఇస్తే బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తా" అనేవాడు మీ సీనియరే అయినా అక్కడితో మాట ఆపేయండి. రిఫరల్‌కి అభ్యర్థి రూపాయి కట్టక్కర్లేదు.

మీటప్‌ల విషయంలో దూరమే అసలు చిక్కు. కడప నుంచో శ్రీకాకుళం నుంచో మాదాపూర్‌లో రెండు గంటల కార్యక్రమానికి రావాలంటే ఛార్జీలు, రాత్రి ఉండే చోటు, సోమవారం క్లాసు, అన్నీ చూసుకోవాలి. అందుకోసమే బయల్దేరి రమ్మని నేను చెప్పను. ఇంటర్న్‌షిప్‌కి హైదరాబాద్ వచ్చినప్పుడు మాత్రం స్టార్టప్‌ల కేంద్రమైన టీ-హబ్‌లో జరిగేవాటికీ, పైథాన్ వాడేవాళ్ల హైద్‌పై లాంటి గ్రూపుల మీటింగ్‌లకీ తప్పక వెళ్లండి. సెల్ఫీ దిగి వచ్చేయకుండా మాట్లాడినాయన్ని ఒక ప్రశ్న అడిగి రండి.

ఊళ్లో ఉండి చేయగలిగింది ఓపెన్ సోర్స్. ఒక ప్రాజెక్టులో చిన్న బగ్ సరిచేసి పంపితే, ఎక్కడో ఉన్న అనుభవజ్ఞుడు మీ కోడ్ చదివి తప్పులు చెప్తాడు. కొత్తవాళ్లతో ఓపెన్ సోర్స్ పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది, ఎంపికైతే స్టైపెండ్ కూడా ఇస్తారు. సీనియర్ "మా కాలేజీ పిల్లాడు" అని మాత్రమే చెప్పగలడు, ఇక్కడివాళ్లు "వీడి పని నేను చూశాను" అని చెప్పగలరు. బలంలో దీనికి మించింది లేదు, కానీ ఫలితానికి నెలలు పడుతుంది. అందుకే రెండో ఏడాదిలో ఉంటే ఇది ఇప్పుడే మొదలుపెట్టండి. నాలుగో ఏడాదిలో ఉంటే ఈ వారమే సీనియర్ల లిస్టు రాసుకోండి.

సివిల్, మెకానికల్ వాళ్లకి ఈ లెక్క కొంచెం మారుతుంది. కోర్‌లోనే (మీ బ్రాంచి పనిలోనే) ఉండాలనుకుంటే మీ అసలు పరిచయం ఇంటర్న్‌షిప్‌లో కలిసే సైట్ ఇంజినీరు, షాప్ ఫ్లోర్ సూపర్‌వైజరు. సర్టిఫికెట్ తీసుకుని వచ్చేయకుండా నంబర్ తీసుకోండి, పండక్కి ఫోన్ చేయండి, డిగ్రీ చేతికి రాబోయే ముందు కొత్త సైట్ ఎక్కడ మొదలవుతోందో అడగండి. అలాంటి చోట ఎంతమంది కావాలో అందరికంటే ముందు తెలిసేది ఆయనకే.