గోల్కొండకు పెద్దవాళ్లతో వెళ్తున్నారా? గైడ్‌తో అన్నీ ముందే మాట్లాడుకోండి

గోల్కొండ కోట బాగుంటుందా అని ఎవరైనా అడిగితే బాగుంటుందనే చెప్తాను, ఇంకోసారి కూడా వెళ్తాను, కానీ గేటు దగ్గర మాకు తగిలిన గైడ్ సంగతి మాత్రం చెప్పి తీరాలి. ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్లే వాళ్ల కోసం రాస్తున్నాను.

మాది ఖమ్మం. మా అత్తయ్య పుట్టిల్లు నేలకొండపల్లి, అంటే భక్త రామదాసు పుట్టిన ఊరు. ఆవిడకి కోహినూరు గురించి గానీ నవాబుల గురించి గానీ పెద్దగా పట్టదు. "మా గోపన్నని పెట్టిన చెర ఒక్కసారి చూడాలే" అని ఎన్నాళ్లుగానో అంటున్నారు. మోకాళ్ల నొప్పుల వల్ల ఇన్నేళ్లూ వాయిదా పడుతూ వచ్చింది. అందుకే ఈ ప్లాన్ మొత్తం ఆవిడ కోసమే వేశాం. ముందురోజు సాయంత్రం కార్లో హైదరాబాద్ చేరి మెహదీపట్నంలో 2,400 రూపాయల గది తీసుకున్నాం. శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

పొద్దున 9కి గేటు తీసేసరికే అక్కడున్నాం. టికెట్ మనిషికి 25, పదిహేనేళ్లలోపు పిల్లలకి లేదు కాబట్టి నేను, మా ఆయన, మరిది, అత్తయ్య కలిపి 100 రూపాయలు. పార్కింగ్ 50. ఇంత పెద్ద కోటకి ఇంత తక్కువ టికెట్టా అని సంతోషపడేలోపే గైడ్ వచ్చాడు. 1,200 అడిగి 800కి ఒప్పుకున్నాడు. "రామదాసు బందీఖానా చూపించాలి, మా అత్తయ్య మెల్లగా ఎక్కుతారు, ఆగుతూ వెళ్లాలి" అని నేనే రెండుసార్లు చెప్పాను. "అంతా చూపిస్త మేడం, టెన్షన్ పడకండి" అన్నాడు.

బాలాహిస్సార్ దర్వాజా లోపల గుమ్మటం కింద చప్పట్లు కొట్టించాడు. ఇక్కడ కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో, కొండ మీదున్న బారాదరిలో (అంటే పైనున్న దర్బారు మంటపంలో) వినిపిస్తుంది. నిజంగా గొప్ప ఏర్పాటు, పిల్లలు అక్కడి నుంచి కదలనన్నారు. (ఇది తెలియాలంటే మాత్రం పొద్దున్నే వెళ్లాలి, జనం పెరిగాక అందరూ కొడుతూనే ఉంటారు, ఏది ఎవరిదో తెలీదు.) తర్వాత నగీనా బాగ్ దగ్గర నిలబెట్టి ఏ సినిమా షూటింగ్ ఎక్కడ జరిగిందో పావుగంట చెప్పాడు. కోహినూరు ఈ కొండలోనే తవ్వి తీశారన్నాడు. అది కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని అంటారు, గోల్కొండ వజ్రాల వ్యాపారానికి పేరుపడ్డ చోటు, అంతే. మా పెద్దాడు ఆరో క్లాసు, వాడే అడిగాడు "కొల్లూరు కదా అంకుల్" అని. ఆయనకి కోపం వచ్చింది, "నేను ఇరవై ఏండ్ల నుంచి చెప్తున్న బాబూ" అన్నాడు, పాపం పిల్లాడు మళ్లీ నోరెత్తలేదు. నాకు అక్కడే ఒళ్లు మండింది.

అసలు గొడవ మెట్ల దగ్గర. పైదాకా 350కి పైగా మెట్లుంటాయి, బందీఖానా మధ్యదారిలో వస్తుంది. అత్తయ్య మొదటి పది మెట్లెక్కి ఆగారు. అంతే, గైడ్ వాచీ చూసుకుని, "పైన ఏం లేదు, ఉత్త చీకటి గది, ఈ వయసులో అమ్మకి ఎందుకు, మీరే పోయి చూసుకోండి, నా టైమ్ అయిపోయింది" అని డబ్బులడిగాడు. మేం లోపలికొచ్చి ఇంకా గంట కూడా కాలేదు. ఒప్పుకున్నదేంటి అని మా ఆయన అంటే గొంతు పెంచాడు. అత్తయ్య ముందు రచ్చ ఎందుకని మా ఆయన 800 చేతిలో పెట్టి పంపేశారు. డబ్బు పోతే పోయింది, కానీ "నా వల్లే కదా" అని అత్తయ్య అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయారు, వెనక్కి పోదాం అన్నారు. అంత దూరం ఆశపడి వచ్చిన మనిషిని అలా చేయొచ్చా?

అప్పుడొచ్చింది మెట్లు ఊడ్చే ఆవిడ. "ఏమైందమ్మా, నీడకి కూసోండ్రి" అని పక్కకి తీసుకెళ్లింది, సంగతి విని "నేను తోల్కపోత, పది మెట్లకోసారి ఆగుదాం, తొందరేముంది" అంది. అన్నట్టే అత్తయ్య చెయ్యి పట్టుకుని బందీఖానా దాకా ఎక్కించింది. లోపల చీకటిగా ఉంటుంది, ఫోన్ లైటు వేసి గోడ మీదున్న సీతారామలక్ష్మణుల, హనుమంతుడి రూపాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించింది. రామదాసే చెక్కుకున్నాడని చెప్తారు. భద్రాచలం గుడికి పన్నుల డబ్బు వాడాడని తానీషా ఆయన్ని పన్నెండేళ్లు ఇక్కడ పెట్టాడని మనందరికీ తెలిసిన కథే, కానీ ఆ గదిలో నిలబడి పైనున్న చిన్న కన్నంలోంచి వచ్చే వెలుతురు చూస్తే పన్నెండేళ్లంటే ఏంటో అర్థమవుతుంది. అత్తయ్య ఓ కీర్తన మెల్లగా అందుకున్నారు, ఎవరో కాలేజీ పిల్లలు ఫోటోలు ఆపేసి విన్నారు. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించి కోట గెలిచాక తానీషాని దౌలతాబాద్ కోటలో బంధించాడనీ, ఆయనా పన్నెండేళ్లు ఖైదులోనే ఉండి 1699లో పోయాడనీ మరిది చెప్తే, అత్తయ్య "అయ్యో, ఆయనకీ అదే రాత పట్టిందా" అన్నారు.

ఆ ఊడ్చే ఆవిడకి 200 ఇవ్వబోతే తీసుకోలేదు. చాలాసేపు బతిమాలితే మా పిల్లల దగ్గరున్న బిస్కెట్ ప్యాకెట్ మాత్రం తీసుకుంది.

అత్తయ్యతో నేను అక్కడే ఉండిపోయాను, మిగతావాళ్లు మహంకాళి గుడి దాటి బారాదరి దాకా వెళ్లొచ్చారు. మట్టి గొట్టాలతో కొండ పైకి నీళ్లెలా ఎక్కించారో చూశామని పెద్దాడు దిగొచ్చి గంట చెప్పాడు, గైడ్ దాని మాటే ఎత్తలేదు.

మధ్యాహ్నం టోలిచౌకిలో బిర్యానీలు, పిల్లలకి ఐస్‌క్రీములు కలిపి 1,460 అయింది. అత్తయ్య ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నం తిన్నారు. కుతుబ్‌షాహీ సమాధులు దగ్గర్లోనే ఉన్నాయి, మరమ్మతులు చేశాక చాలా అందంగా ఉన్నాయి, నేల చదునుగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లకి కోట కంటే అదే సుఖం. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షోకి ఉందామనుకున్నాం, ఆ రోజు తెలుగులో లేదు, చిన్నదానికి నిద్రొచ్చేసింది, వచ్చేశాం. షో కోసమే వెళ్లేవాళ్లు ఏ రోజు ఏ భాషలో ఉందో ముందే కనుక్కోండి.

ఆషాఢంలో గురువారాలు, ఆదివారాలు బోనాల జనం ఉంటారు, పెద్దవాళ్లతో అయితే ఆ రోజులు వద్దు. ఎండాకాలం అసలే వద్దు. మంచినీళ్లు కిందే నింపుకోండి, టాయిలెట్ పని కిందే చూసుకుని ఎక్కండి, చెప్పులు జారనివి వేసుకోండి, రాళ్లు అరిగి నున్నగా ఉన్నాయి.

గైడ్ కావాలనుకుంటే గుర్తింపు కార్డు చూడండి, బందీఖానా, బారాదరి, రాణీమహల్ అని పేరు పేరునా చెప్పించుకోండి, డబ్బులు కిందికి దిగాకే ఇస్తామని చెప్పండి. ఒప్పుకోకపోతే వదిలేయండి, చదువుకోడానికి పురావస్తు శాఖ బోర్డులున్నాయి.