బండి తాళం ఎవరికిద్దాం: దూకుడుగా ఉండేవాడికా, బెరుకుగా ఉండేవాడికా?

ఇంట్లో పదహారేళ్ల వాళ్లు ఇద్దరున్నారనుకోండి. ఒకడికి యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పితే గానీ బండి నడిపినట్టే ఉండదు. రెండోవాడు అద్దంలో రెండుసార్లు చూసుకుని గానీ కదలడు. మోపెడ్ తాళం ఎవరికి? రెండోవాడికే అంటారు. నేనూ అంతే, కాకపోతే ఒక షరతు మీద.

దూకుడు మనిషికి ఉత్కంఠే ఆకలి. ఈ స్వభావాన్ని సైకాలజిస్టు మార్విన్ జుకర్‌మన్ 1960లలోనే కొలవడం మొదలుపెట్టాడు. అది టీనేజీ చివర్లో బాగా ముదిరి, వయసుతో పాటు తగ్గుతుంది. మోపెడ్‌కి వేగమెంత ఉంటుందిలే అని తీసిపారేయకండి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయేది 45కి పెరిగితే, గుద్దుకునే శక్తి రెండుంపావు రెట్లవుతుంది. పోనీ శిక్షణ ఇప్పిద్దామా? జారే రోడ్డు మీద కారు అదుపు చేయడం నార్వేలో తప్పనిసరిగా నేర్పించి చూశారు. కుర్రాళ్ల ప్రమాదాలు తగ్గలేదు సరికదా, పెరిగాయి. చెయ్యి తిరిగేకొద్దీ ధీమా ముదురుతుంది మరి.

బెరుకువాడి తంటా వేరు. ఎదురుగా కుక్క అడ్డొస్తే చాలు, రెండు బ్రేకులూ బిగబట్టేస్తాడు. ఇసుక మీదైతే ముందు చక్రం జారి, బండి ఒక పక్కకి, తను ఒక పక్కకి. అయితే ఇది కొన్ని వారాలు ఖాళీ మైదానంలో సాధన చేస్తే చాలావరకు పోయే లోపం. దూకుడు అలా పోదు.

అసలు చిక్కు వెనక సీటుతో. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే సైకాలజిస్టులు ఒక ప్రయోగం చేశారు. కంప్యూటర్ ఆటలో పసుపు లైటు పడ్డాక కారు ఆపాలా, ఇంకాస్త పోనిచ్చి పాయింట్లు కొట్టాలా అన్నది ఆడేవాళ్ల ఇష్టం. స్నేహితులు పక్కనుంటే 13-16 ఏళ్ల పిల్లలు రెట్టింపు సాహసాలు చేశారు. 24 దాటినవాళ్లలో ఏ మార్పూ లేదు. బెరుకువాడి వెనక కూడా ఎవడో ఒకడు కూర్చుని "ఏంట్రా, నడిచిపోదామా?" అంటాడు కదా!

నా షరతు అదే: తాళం రెండోవాడికి, హెల్మెట్ బకిల్ పెట్టుకుని, వెనక ఎవరినీ ఎక్కించుకోకుండా. దూకుడువాడికీ ఇదే లెక్క, కాకపోతే ఏడాది ఆగి.

ఇక, ఓవర్‌టేక్ చేసినవాణ్ని వెంటపడి తిట్టొచ్చే కోపిష్టి ఉంటాడే, వాడికి ప్రస్తుతానికి సైకిలే.